ఎండిన అడవి కాదు, ఆకు రాల్చిన అడవి

మాఘమాసం దాటాక శ్రీశైలం ఘాటు రోడ్డులో వెళ్ళొచ్చినవాళ్ళు ఒక మాట అంటుంటారు. "అడవంతా ఎండిపోయిందండీ!" అని. ఎండిపోలేదు. ఆకు రాల్చింది, అంతే.

ఆ రోడ్డు సాగే నల్లమల ఎక్కువగా ఆకురాల్చే అడవి. చెట్టు తాగిన నీళ్ళలో చాలా భాగం ఆకుల గుండానే ఆవిరైపోతుంది. నేలలో తడి తగ్గాక కూడా ఆకులుంచుకుంటే చెట్టుకే నష్టం. అందుకే టేకు, బూరుగ వదిలేస్తాయి. ఊరికే వదలవు. ఆకులో ఉన్న పోషకాలను కొంతవరకు ముందే కొమ్మల్లోకి లాగేసుకుంటాయి. గట్టి పొదుపరులు!

ఇక అసలు తమాషా. ఆకులేని ఆ రోజుల్లోనే మోదుగ ఎర్రగా పూస్తుంది. బూరుగా అంతే. ఎందుకంటారా? ఆకు అడ్డం లేకపోతే పువ్వు దూరానికి కనబడుతుంది. తేనె కోసం పిట్టలు వాలతాయి. వాటి ముక్కులకు అంటిన పుప్పొడి పక్క చెట్టుకు చేరుతుంది. ఇప్ప లెక్క వేరు. రాత్రి పూస్తుంది, గబ్బిలాలను రప్పించుకుంటుంది, తెల్లారేసరికి పూలు రాల్చేస్తుంది. వేకువనే బుట్టలతో వెళ్ళి ఏరుకునేవాళ్ళకు ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు.

మళ్ళీ చెబుతున్నాను, అది ఎండిన అడవి కాదు. తొలకరి పడ్డాక వెళ్ళి చూడండి.

అంత దూరం వెళ్ళలేరా? మీ వీధిలో ఒక వేపనో, రావినో ఎంచుకోండి. వారానికోసారి చూడండి. ఆకు రాలిందా? చిగురేసిందా? పూసిందా? క్యాలెండరు మీద రాసుకోండి. వేపపూత ఉగాదికి ముందొచ్చిందో, తర్వాతొచ్చిందో వచ్చే ఏడు పోల్చి చూసుకోవచ్చు.