తెలుపును గుర్తించుట
(తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుని ప్రసంగపాఠము)



నిరుటి వార్షికోత్సవమున నేను తీసిన ఛాయాచిత్రములలో మన బిడ్డలు పసుపు పూసుకొన్నవారివలె నుండిరి. తప్పు కెమెరాది కాదు, నాది. పదవ తరగతివారు బడి విడిచి పోయిరి; ఆ చిత్రమును మరల తీయజాలము.

మన కన్ను సామాన్యమైన వెలుతురులందు తెల్లకాగితమును ఇంచుమించు తెల్లగనే గ్రహించును. కెమెరాకు ఆ నేర్పును మనము చెప్పవలయును. వెలుతురు వన్నెను కెల్విను అను కొలతతో లెక్కింతురు. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900, పాతరకపు తీగబల్బు 2800, మధ్యాహ్నపుటెండ 5500, నీడపట్టు 7000, ఒక్కొక్కప్పుడు అంతకు పైన. అంకె తగ్గినకొలది ఎరుపు, హెచ్చినకొలది నీలము. ఎండకు తగిన అమరికను మార్పకయే బల్బుల క్రింద చిత్రించితిని. కావుననే ఆ పసుపు.

ఉపాయము సులభము. కెమెరాలోని 'వైట్ బ్యాలెన్సు' అమరికయందు ఎండ, నీడ, బల్బు, ట్యూబులైటు గుర్తులుండును, తగినదాని నెన్నుకొనుడు. ఇంకను సరిగా కావలెనన్న, బిడ్డ నిలుచు చోటనే తెల్లకాగితమును చిత్రించి, దానినే తెలుపునకు ప్రమాణముగా అమర్చుడు. వెలుతురు మారినచో మరల అమర్పవలయును. కిటికీ వెలుగును బల్బు వెలుగును కలిసినచోట ఒకదానిని మాన్పుడు. ఏ అమరికయు రెంటికిని సరిపడదు.

ఈ శ్రమ బిడ్డల మేనిఛాయను తెల్లజేయుటకు కాదు. ఉన్న ఛాయను ఉన్నట్లు నిలుపుటకు. ఈ యేడు ప్రతి తరగతి ముందును తెల్లకాగితము పట్టుకొని మొదట నిలుచువాడు మీ ప్రధానోపాధ్యాయుడే.