మాత్రలు పనిచేశాయి, మరి అబ్బాయి గది దాటడేం?
(తిరువూరులో రోగుల కుటుంబ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



మీలో చాలామంది అడిగేది ఒకటే. "డాక్టరుగారూ, మందులు వాడాక చెవిలో మాటలు తగ్గాయి, అనుమానాలూ తగ్గాయి. అయినా మావాడు గది వదలడు. కాలేజీ మాటెత్తితే పలకడు. ఇది బద్ధకం కాదా?"

కాదండి. సైకోసిస్ మొదటిసారి వచ్చి తగ్గాక చాలామంది యువతీ యువకులలో చొరవ, ఉత్సాహం సన్నగిల్లుతాయి. అది జబ్బులో భాగమే. దానికి భయం తోడవుతుంది. "అందరూ నన్నే చూస్తున్నారు, నావల్ల ఏదీ కాదు" అనే తలంపు కాళ్లను కట్టేస్తుంది. దీనిని మాత్ర ఒక్కటే తీయలేదు.

ఆలోచననూ నడవడికనూ కలిపి సరిచేసే మాటల చికిత్సను కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. ఇంగ్లండులో డేవిడ్ ఫౌలర్ బృందం దీనిని మళ్లీ జనంలో కలవడం కోసమే మలచింది. 16 నుండి 35 ఏళ్ల వయసున్న 154 మందిపై చేసిన పరిశీలన 2018లో వెలువడింది. తొమ్మిది నెలలకు, ఈ చికిత్స పొందినవారు మామూలు వైద్యసేవలు మాత్రమే పొందినవారికన్నా వారానికి సుమారు 8 గంటలు ఎక్కువగా చదువు, పని, ఇంటిపని, ఆటలలో గడిపారు. ఎనిమిది గంటలేనా అనకండి, గోడవైపు తిరిగి పడుకునే బిడ్డను చూసిన తల్లికి వాటి విలువ తెలుసు. చికిత్స ఆగాక ఆ తేడా నిలిచిందని మాత్రం గట్టిగా తేలలేదు. కనుక ఇంట్లో సాగించవలసింది చాలా ఉంది.

ఎలాగంటే, అబ్బాయి బస్టాండు దగ్గర టీ కొట్టుకు వెళ్లడం మానేశాడనుకోండి. "ఎవరూ చూడటం లేదురా" అని వాదిస్తే నమ్మడు. రద్దీ లేని మధ్యాహ్నం అన్నయ్యతో పంపండి. వెళ్లేముందు "అక్కడి పదిమందీ నన్నే చూస్తారు" అని తానే రాసుకుంటాడు. అక్కడ తల ఎత్తి లెక్కపెడతాడు. ఇద్దరు చూశారు, మిగతావారు వాళ్ల పేపరు, వాళ్ల ఫోను చూసుకుంటున్నారు. ఇంటికొచ్చి అదీ రాస్తాడు. మనం పదిసార్లు చెప్పినదానికన్నా అతను లెక్కపెట్టినది ఎక్కువ పనిచేస్తుంది. మరుసటి వారం డబ్బులు తానే ఇస్తాడు, ఆపైన ఒక్కడే వెళ్తాడు. భయం బాగా పెరిగితే ఒక మెట్టు దిగండి, పూర్తిగా మానవద్దు. ఏ పనితో మొదలుపెట్టాలో అతనినే ఎంచుకోనివ్వండి. మామిడి తోట ఇష్టమైతే తోటే. డిగ్రీ తర్వాత చూద్దాం.

ఇంటివారిని చికిత్సలో కలపడం మన దేశానికి కొత్త కాదు. రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ ఫ్లారెన్స్ నికల్స్ 1957లో మొదలుపెట్టిన మానసిక వైద్య కేంద్రంలో రోగితోపాటు ఇంటివారు కూడా ఉండేవారు.

పక్కింటి కుర్రాడి బెంగుళూరు ఉద్యోగం గురించి ఎత్తకండి. దెప్పిపొడుపులు ఎక్కువైన ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. ప్రార్థన చేయండి, మాత్రలు ఆపకండి. బదరీ చెట్టు క్రింద చావు కోరుకున్న ఏలీయాకు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు. పని అప్పగించింది ఆ తర్వాతే.

రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా, చనిపోతానన్నా మీ నెల తారీఖు కోసం ఆగవద్దు, వెంటనే తీసుకురండి. దారి దొరకకపోతే 2022లో మొదలైన టెలీ మానస్‌కు, 14416కు, ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

వచ్చేసారి మందుల చీటీతోపాటు ఆ నోటుపుస్తకం కూడా తెండి. అందులో అబ్బాయి రాసింది ముందు చదువుతాము.