పంక్తిలో విస్తరాకు

శాసనము పుట్టినంతనే ఆచారము మారదు. 2022వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టికు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మన దేశమున నిషేధింపబడినవి. అయినను పలుచోట్ల పెండ్లిపందిళ్ల వెనుక నవి గుట్టలుగా పడియున్నవి. ఎంగిలి మెతుకులకై వచ్చు గోవు మెతుకులతోపాటు ప్లాస్టికును మ్రింగుచున్నది. అది జీర్ణము గాక కడుపున పేరుకొనును. గోపూజ చేయు చేతులతోడనే గోవున కీ గతి పట్టింపవచ్చునా?

మోదుగాకులను పుల్లలతో కుట్టిన విస్తరి మన పెద్దలెరిగిన పళ్లెము. భుజించిన పిదప పెంటలో వేసిన నెరువగును. దానికై వెచ్చించిన సొమ్ము ఆకు కోసినవారికిని, కుట్టినవారికిని కూడు పెట్టును.

మీ యింట జరుగబోవు తొలి శుభకార్యమునాడే పంక్తికి ప్లాస్టికు రానీయకుడు. వడ్డించువానికి గాదు, సరకులు తెప్పించు యజమానునికే నా యీ విన్నపము.