విద్యార్థి పలికిన మాట
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



భాషాధ్యాపకులకు మనము వేయు పూలమాల సాయంకాలమునకు వాడును. సన్మానపత్రము పెట్టెలో చేరును. ఏండ్లు గడచినను వారి చెవిలో మెదలునది విద్యార్థి నిస్సంకోచముగా పలికిన మాట. అది పొగడ్తయే కానక్కరలేదు. తరచు ప్రశ్నగా, ఒక్కొక్కప్పుడు ఫిర్యాదుగా వచ్చును.

అట్టి ప్రశ్న యొకటి మన భాషాచరిత్రను మలుపు త్రిప్పినది. 1907 ప్రాంతమున ఉత్తరకోస్తా జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్సు దొర తెలుగు నేర్వబూనెను. పుస్తకములలో చదివినది ఒకటి, జనుల నోట విన్నది మరొకటి. ఈ భేదమేల యని ఆయన అడిగెను. విశాఖపట్టణమున కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా ఆ ప్రశ్న గురజాడ అప్పారావుగారికిని, పర్లాకిమిడిలో అధ్యాపకులైన గిడుగు రామమూర్తిగారికిని చేరెను. కన్యాశుల్కము 1897లోనే వాడుకభాషలో వెలువడియుండెను. దొరకు తెలుగు పట్టుబడలేదని వారు నవ్వి ఊరకుండలేదు. బడిలో నేర్పు తెలుగు బ్రతికియున్న తెలుగునకు దగ్గర కావలెనని పూనుకొనిరి. వ్యావహారిక భాషోద్యమము అట్లు ఊపందుకొనెను.

గిడుగువారు తామును విద్యార్థులై సవరభాష నేర్చిరి. సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. 1931లో వారి సవర వ్యాకరణము అచ్చయ్యెను. నేర్చుకొనువాని కష్టమెరిగినవారు గనుకనే నేర్చుకొనువాని మాటకు విలువనిచ్చిరి.

ఆ కష్టము మనకును తెలియనిది కాదు. మనలో పెక్కుమంది ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షలకై నడివయస్సున హిందీ తరగతిలో కూర్చున్నవారమే. హిందీలో రొట్టె స్త్రీలింగము, అన్నము పుంలింగము. ఇదేమి చిత్రమని అడిగినపుడు, కంఠస్థము చేయుడన్న గురువు కంటె, మీ తెలుగులో ఎట్లుండునని ఎదురడిగిన గురువే మనకు జ్ఞాపకముండును.

ఇక మన ఆదివారపు తెలుగు తరగతి సంగతి. పదేండ్ల బాలిక యొకతె ఉపాధ్యాయునితో, "మాస్టారూ, అమ్మమ్మకి ఫోన్ చేసినప్పుడు ఈ పాఠంలో మాటలు ఒక్కటీ పనికిరావడం లేదండీ" అన్నది. ఆయన కోపగించుకొనలేదు. మరుసటి వారము పద్యము ప్రక్కనుంచి, అమ్మమ్మను అడుగదగిన అయిదు ప్రశ్నలు పిల్లలచేత వ్రాయించెను. పిన్ని, పెద్దమ్మ, మేనత్త, అత్తగారు అను మాటలు నేర్పెను. ఇక్కడి పిల్లలకు వీరందరును "ఆంటీ"లే గదా! నెల తిరుగక ముందే ఆ బాలిక, "నిన్న అమ్మమ్మ చాలాసేపు మాట్లాడింది, అమ్మకి ఫోన్ ఇవ్వమనలేదు" అని చెప్పినదట. ఆ ఉపాధ్యాయునకు ఇంతకు మించిన సన్మానపత్రము మనమేమి వ్రాయగలము?

పద్యము వలదని నా భావము కాదు. మాట వచ్చిన పిల్లకు పద్యము తరువాత రుచించును. సభామర్యాదను బట్టి నేనిట్లు మాటాడుచున్నాను గాని, ఇంటిలో ఇట్లే మాటాడినచో నా పిల్లలు పకపక నవ్వుదురు.

ఏటేట పై తరగతులకు పోయిన పిల్లలు మన తరగతికి రాక మానుచున్నారు. రాని పిల్లవాడును ఒక అభిప్రాయము చెప్పుచున్నాడనియే గ్రహింపవలెను. కావున నాదొక విన్నపము. సంవత్సరాంతమున పిల్లలకు మార్కులు వేయుటతో పాటు రెండు ప్రశ్నలు అడుగుదము: ఏ పాఠము ఇంటిలో పనికివచ్చినది? ఏ మాట తెలుగులో చెప్పబోయి చెప్పలేకపోయితివి? ఆఫీసు పని ముగించుకొని, ప్రతిఫలము కోరక పాఠము చెప్పు మన ఉపాధ్యాయ మిత్రులు ఆ జవాబులను నిందగా తలపవలదు. తెలుగు రావలెనని కోరిక ఉన్న పిల్లయే తెలుగు రాలేదని ఫిర్యాదు చేయును. ఆ కోరిక ఉన్నంతవరకు మన పని సులభము.