ఆల్ ఇన్ వన్ కంప్యూటర్ కొనాలా, వద్దా? మా బాబాయ్‌కి ఈసారి ఏం చెప్పానంటే

ఈ ఎపిసోడ్ మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న గురించి. "అన్నా, ఆల్ ఇన్ వన్ డెస్క్‌టాప్ తీసుకోవచ్చా?" అని. చూడటానికి నీట్‌గా ఉంటుంది, సీపీయూ డబ్బా ఉండదు, వైర్లు తక్కువ. స్పెక్స్ చదివి చెప్పేస్తే ఐదు నిమిషాల్లో వీడియో అయిపోతుంది. కానీ ఈ విషయంలో నేనొక తప్పు సలహా ఇచ్చాను. ముందు అది చెప్తా.

మా బాబాయ్‌ది ఖమ్మం దగ్గర ఎరువుల కొట్టు. 2019లో బిల్లింగ్‌కి కంప్యూటర్ కావాలన్నాడు. కౌంటర్ మీద జాగా లేదు. ఒక పక్క వేలిముద్రలు వేయించుకునే పీఓఎస్ మిషన్, ఇంకో పక్క బిల్లు పుస్తకాలు. సీపీయూ కింద పెడదామంటే అంతా బస్తాలు, దుమ్ము. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా "ఆల్ ఇన్ వన్ తీసుకో బాబాయ్, కళ్ళు మూసుకుని" అన్నా. 46 వేలు పెట్టి కొన్నాడు. నిజం చెప్పాలంటే నాలుగేళ్ళు బాగానే పనిచేసింది. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ "మావాడు చెప్పాడు" అని చూపించేవాడు.

2023లో ఒకరోజు పొద్దున్నే ఫోన్. స్క్రీన్ నల్లగా ఉంది, లోపల ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది అని. ఫోన్ టార్చ్ దగ్గరగా పెట్టి చూడమన్నా. అక్షరాలు మసగ్గా కనిపిస్తున్నాయి. అంటే కంప్యూటర్ బాగానే ఉంది, బ్యాక్‌లైట్ పోయింది. ఆ రోజు 18వ తారీఖు. 20 కల్లా జీఎస్టీ రిటర్న్ వేయాలి, లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. సర్వీస్ సెంటర్ వాళ్ళు ప్యానెల్ మొత్తం మార్చాలి, 18 వేలు, రావడానికి మూడు వారాలు అన్నారు. వారంటీ ఎప్పుడో అయిపోయింది.

అదృష్టం ఏంటంటే దానికి వెనక హెచ్‌డీఎంఐ అవుట్ ఉంది. ఇంట్లో టీవీ విప్పి ఆటో మీద కొట్టుకి తెచ్చి, కౌంటర్ మీద పెట్టి, దానికి కలిపి రిటర్న్ వేశారు. ఆ టీవీ తిరిగి ఇంటికి వెళ్ళడానికి పది రోజులు పట్టింది. సీరియల్ మధ్యలో టీవీ పోయిందని మా పిన్ని నాతో చాలాకాలం ముభావంగానే ఉంది. బాబాయ్ మాత్రం ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది, జాగ్రత్తగా వినండి. మామూలు సెట్ అయితే మానిటర్ పోతే మానిటర్ ఒక్కటే మారుస్తాం. సాయంత్రానికి పని మొదలవుతుంది. ఆల్ ఇన్ వన్‌లో రెండు వస్తువుల్ని కలిపి అతికించారు. స్క్రీన్ పోతే బాగున్న కంప్యూటర్ మూలపడుతుంది. కంప్యూటర్ పాతబడితే బాగున్న స్క్రీన్ మూలపడుతుంది. బాబాయ్ దాంట్లో 7వ తరం ప్రాసెసర్. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే అనుమతి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అంటే అప్పుడు 18 వేలు పెట్టి ప్యానెల్ మార్పించినా, రెండేళ్ళలో మళ్ళీ ఇదే చర్చ.

ఇంకోటి. బయటికి డెస్క్‌టాప్‌లా కనిపించినా చాలా ఆల్ ఇన్ వన్‌లలో ఉండేది ల్యాప్‌టాప్ సామానే. బోర్డు మీద "ఐ5" అని పెద్దగా రాస్తారు. ఆ నంబర్ చివర యు అక్షరం ఉందేమో చూడండి. ఉంటే అది తక్కువ కరెంటుతో నడిచే ల్యాప్‌టాప్ ప్రాసెసర్. బిల్లింగ్‌కీ, ఆన్‌లైన్ క్లాసులకీ బ్రహ్మాండంగా సరిపోతుంది. గేమ్స్ ఆడదామని కొంటే మాత్రం ఏడుస్తారు. పోనీ ల్యాప్‌టాప్ సామాన్లు ఉన్నాయి కదా, బ్యాటరీ ఉంటుందా అంటే మామూలుగా ఉండదు! కరెంటు పోతే ఠక్కున ఆఫ్. చిన్న యూపీఎస్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి.

ఐమ్యాక్ సంగతి అడుగుతారని తెలుసు. 2021 నుంచి వస్తున్న 24 అంగుళాల ఐమ్యాక్ స్క్రీన్ 4.5కే, చాలా బాగుంటుంది. కానీ ర్యామ్ తర్వాత పెంచుకోలేం, కొనేటప్పుడే డిసైడ్ అవ్వాలి. 2009లో వచ్చిన 27 అంగుళాల ఐమ్యాక్‌ని వేరే కంప్యూటర్‌కి మానిటర్‌లా వాడుకునే వీలుండేది. 2014లో 5కే మోడల్ వచ్చేసరికి ఆ వీలు పోయింది. నాకైతే అది ఇప్పటికీ కోపమే.

సరే, ఈ మధ్య బాబాయ్ మళ్ళీ ఫోన్ చేశాడు. మా చెల్లి బీకాంలో చేరింది, పగలు కొట్లో లెక్కలు కూడా చూస్తానంటోంది. "ఈసారి ఏం కొందాం రా? మళ్ళీ అదే అయినా పర్లేదు, జాగా కలిసొస్తుంది" అన్నాడు. ఈసారి వెంటనే చెప్పలేదు, రెండు రోజులు టైమ్ అడిగా.

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళి నాలుగైదు షాపులు తిరిగా. అన్నిచోట్లా ఒకటే అడిగా. "దీనికి హెచ్‌డీఎంఐ ఇన్ ఉందా?" ఇన్ ఉంటే, లోపలి కంప్యూటర్ పాతబడినా స్క్రీన్‌ని మానిటర్‌లా వాడుకోవచ్చు. కొన్ని మోడల్స్‌లోనే ఉంటుంది. ఒక షాపతను "ఉంది సార్" అని చూపించింది అవుటే. రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి మాట నమ్మొద్దు. మీ ల్యాప్‌టాప్, ఒక కేబుల్ తీసుకెళ్ళి, గుచ్చి, బొమ్మ వచ్చాకే డబ్బులు ఇవ్వండి.

చివరికి బాబాయ్‌కి నేను చెప్పింది ఆల్ ఇన్ వన్ కాదు. 24 అంగుళాల మానిటర్, దాని వెనక వెసా మౌంట్ అనే నాలుగు స్క్రూల రంధ్రాలకి బిగించే మినీ పీసీ. అరచేతి కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. కౌంటర్ మీద పట్టే జాగా దాదాపు ఆల్ ఇన్ వన్ అంతే. చెల్లి పరీక్షలప్పుడు ఆ చిన్న డబ్బా ఒక్కటీ విప్పి ఇంటికి తెచ్చుకుని టీవీకి పెట్టుకోవచ్చు. పిన్ని ఒప్పుకుంటే.

ఆల్ ఇన్ వన్ అసలు కొనొద్దా అంటే, అలా అనను. క్లినిక్ రిసెప్షన్‌లో పెట్టాలన్నా, ఇంట్లో తాతయ్య వీడియో కాల్స్‌కి కావాలన్నా, వైర్లు చూస్తే కంగారు పడేవాళ్ళకైనా మంచిదే. కాకపోతే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి, మీ ఊళ్ళో సర్వీస్ సెంటర్ ఉందో లేదో కొనకముందే కనుక్కోండి.

"మరి ఆ పాతది ఏం చేద్దాం?" అన్నాడు బాబాయ్. దాంట్లో హార్డ్ డిస్క్ విప్పి ఒక యూఎస్‌బీ కేస్‌లో వేసిచ్చా, పాత లెక్కలన్నీ భద్రంగా ఉన్నాయి. మినీ పీసీ వచ్చే ఆదివారం బిగించడానికి వెళ్తున్నా, అక్కడి నుంచే వీడియో తీస్తా. మీరు చూస్తున్న మోడల్ నంబర్ కింద కామెంట్‌లో పెట్టండి, పోర్ట్ ఇన్ నో అవుటో చూసి చెప్తా. ఉంటాను మరి, బాయ్.