ఫైలు తెరుచుకుంది సరే, అందులో ఉన్నది అర్థమైందా?

మలక్‌పేట నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో మెట్రో శబ్దం వినిపిస్తే కాస్త సర్దుకోండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో డేటా కోర్సు చేస్తున్న ఒక తమ్ముడు ఈమధ్య నన్ను అడిగాడు: "అన్నా, మా దగ్గర నేర్పే టూల్ రెండొందల ఫార్మాట్లు సపోర్ట్ చేస్తదట. ఇంక ఫైళ్లతోని ప్రాబ్లమ్ ఏముంటది?" మంచి ప్రశ్న. ఈరోజు ఎపిసోడ్ మొత్తం దీని గురించే.

ముందు ఒక కంపెనీని ఊహించుకోండి. అకౌంట్స్ వాళ్లు ట్యాలీలో ఉంటారు. గోడౌన్ వాళ్లు ఎక్సెల్ షీట్ పంపుతారు. పాత బ్రాంచిలో ఎప్పటిదో ఫాక్స్‌ప్రో ఫైలు ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లో వస్తుంది. ఆన్‌లైన్ ఆర్డర్లు జేసన్‌లో, గవర్నమెంట్ పోర్టల్ నుంచి వచ్చేది ఇంకో రకంగా. ఇవన్నీ ఒకచోట చేర్చి ఒక రిపోర్ట్ ఇవ్వడమే ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్ పని. బ్రోషర్‌లో "అన్ని ఫార్మాట్లూ సపోర్ట్" అని రాస్తారు. కానీ ఆ సపోర్ట్ అనే మాటలో మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. ఫైలు తెరవడం ఒకటి. లోపలి అక్షరాలు, అంకెలు సరిగ్గా చదవడం రెండోది. ఆ చదివినదానికి అసలు అర్థం ఏంటో తెలుసుకోవడం మూడోది. బ్రోషర్ చెప్పేది ఎక్కువగా మొదటిదాని గురించే. మనకు దెబ్బ తగిలేది రెండో, మూడో దగ్గర.

మన తెలుగు ఉదాహరణే తీసుకుందాం. ఇక్కడ రోడ్డు మీద డీటీపీ షాపులు చూసే ఉంటారు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి అనూ ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి. ఆ ఫైళ్లలో నిజానికి తెలుగు అక్షరం అంటూ ఉండదు. ఇంగ్లీష్ అక్షరాలకు, గుర్తులకు వాడే కోడ్‌లే ఉంటాయి. ఫాంటు ఆ కోడ్‌ల బొమ్మలు మార్చి తలకట్టు ఒక ముక్కగా, గుడి ఒక ముక్కగా, ఒత్తు ఇంకో ముక్కగా చూపిస్తుంది. ఫాంటు మార్చి చూడండి, తెలుగు పోయి అర్థంకాని ఇంగ్లీష్ గుర్తులు బయటపడతాయి.

ఇప్పుడు ఆ ఫైలును సాదా టెక్స్ట్‌గా సేవ్ చేశారనుకోండి. సాఫ్ట్‌వేర్ దాన్ని హాయిగా తెరుస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. కానీ ఏ ముక్క అనూ ఫాంటులో ఉంది, ఏ ముక్క నిజంగా ఇంగ్లీషులో ఉంది అనే సమాచారం పోయింది. ఎందుకంటే అది ఫాంటు పేరులో ఉంది, టెక్స్ట్‌లో లేదు. ఇక కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మారిస్తే తెలుగు మామూలు తెలుగుగా వస్తుంది, దాని మధ్యలో ఉన్న ఇంగ్లీష్ పేరు మాత్రం పిచ్చి తెలుగుగా మారిపోతుంది. ఫాంటును బట్టి, వెర్షన్‌ను బట్టి ఈ మార్పిడి పట్టిక కూడా వేరు. అందుకే పాత పుస్తకాలు, పత్రికల ఫైళ్లు చాలా ఉన్నా, వాటిలో ఒక మాట వెతకాలంటే ఇంత కష్టం.

"మరి యూనికోడ్ వచ్చింది కదా" అంటారా. వచ్చింది. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. చాలా బాధలు తీరాయి, అన్నీ తీరలేదు. పక్కనే ఉన్న సైదాబాద్ చూడండి. 'సై'లో ఉన్న ఐత్వాన్ని ఒకే కోడ్‌తో రాయొచ్చు. లేదంటే ఎత్వం ఒక కోడ్, కింద ఉండే గుర్తు ఇంకో కోడ్, రెండు కలిపి కూడా రాయొచ్చు. స్క్రీన్ మీద రెండూ ఒకటే. యూనికోడ్ ప్రమాణం కూడా రెండూ సమానమే అంటుంది. కానీ మీ ప్రోగ్రామ్ కోడ్‌లను ఉన్నవి ఉన్నట్టు పోల్చితే "ఇవి వేరు" అని చెప్తుంది. అందుకే పోల్చే ముందు నార్మలైజేషన్ చేయాలి.

ఇక మలక్‌పేట. 'క్' తర్వాత 'పే' ఒత్తుగా మారకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. అది ఉంటే పేరులో మొత్తం 8 కోడ్‌లు, లేకపోతే 7. కొందరు దాంతో టైప్ చేస్తారు, కొందరు అది లేకుండా 'మలక్పేట' అని కొడతారు. ఇందాక చెప్పిన నార్మలైజేషన్ ఈ గుర్తును తీసేయదు, దీన్ని విడిగా చూసుకోవాలి. లేకపోతే మీ రిపోర్ట్‌లో ఒకే ఏరియా రెండు ఏరియాలుగా కనిపిస్తుంది. కస్టమర్లు సగం ఇటు, సగం అటు.

సరే, తెలుగు పక్కన పెడదాం, అంకెలైనా భద్రంగా ఉంటాయా? మన పాత ఇంటి నంబర్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. మధ్యలో గీతలతో, ఉదాహరణకు 16-2-70 అని. భారతీయ తేదీ సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి ఇది కొట్టండి. ఇంటి నంబర్ కాస్తా 1970 ఫిబ్రవరి 16 అయిపోతుంది. లోపల అయితే అది తేదీగా కూడా ఉండదు, 25615 అనే అంకెగా ఉంటుంది. ఇంకో సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును నేరుగా చదివితే ఇంటి నంబర్ చోట 25615 రావచ్చు. అదే 16-2-705 కొడితే మాత్రం ఏమీ కాదు, ఎందుకంటే ఎక్సెల్‌కు 705 అనే సంవత్సరం లేదు. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని మారతాయి, కొన్ని మారవు. పైన పది వరుసలు చూసి "అంతా ఓకే" అనుకుంటే అయిపోయినట్టే.

సున్నాతో మొదలయ్యే కోడ్ ఉంటే ముందు సున్నా పోతుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబర్‌ను మామూలు అంకెగా పెడితే చివరి అంకె సున్నా అవుతుంది, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది. ఇది మన దగ్గర మాత్రమే కాదు. జీన్ల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని చివరికి శాస్త్రవేత్తలే కొన్ని మానవ జీన్ల పేర్లు మార్చుకున్నారు. 2020లో దాని గురించి మార్గదర్శకాలు కూడా ఇచ్చారు. సాఫ్ట్‌వేర్‌ను మార్చలేక సైన్స్ పేర్లు మార్చుకుంది.

అదే 2020లో బ్రిటన్‌లో జరిగింది ఇంకా సీరియస్. కోవిడ్ పరీక్షల ఫలితాలను ల్యాబుల నుంచి తీసుకుని పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో పెట్టేవారు. ఆ పాత ఫార్మాట్‌లో ఒక షీట్‌కు 65,536 వరుసలే పడతాయి. కొత్త ఫార్మాట్‌లో అయితే పది లక్షలకు పైన. షీట్ నిండాక మిగతా వరుసలు లోపలికి రాలేదు. అలా 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. వాళ్లను కలిసినవాళ్లను వెతికే పని అన్ని రోజులు ఆలస్యమైంది. గమనించండి, ఇక్కడ ఫార్మాట్ సపోర్ట్ ఉంది, ఫైలు కూడా తెరుచుకుంది.

ఇప్పుడు మూడో దశకు వద్దాం. అక్షరం సరిగ్గా ఉంది, అంకె సరిగ్గా ఉంది. కానీ రెండు చోట్ల ఉన్న రెండు రికార్డులు ఒకే మనిషివా, కాదా? ఇది అన్నిటికన్నా కష్టం. మన ఏరియాలోనే చూడండి. మొహమ్మద్ అనే పేరును ఇంగ్లీషులో పూర్తిగా రాస్తారు, సగం రాస్తారు, ఎండీ అని రెండక్షరాలతో సరిపెడతారు. లక్ష్మికి కనీసం మూడు స్పెల్లింగులు. ఇంటి పేరు ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో వెనక, మూడో దాంట్లో ఒక్క అక్షరం. ఎవరూ తప్పు చేయలేదు, ఒక్కో ఆఫీసు ఒక్కోలా రాసుకుంది, అంతే.

తెలంగాణలో 'సమగ్ర వేదిక' అని ఒక వ్యవస్థ ఉంది. వేర్వేరు ప్రభుత్వ శాఖల డేటాను కలిపి, ఏ రికార్డు ఎవరిదో గుర్తించడం దాని పని. ఆలోచన మంచిదే. ఒకే మనిషి ప్రతి ఆఫీసుకూ అవే కాగితాలు తిప్పక్కర్లేదు, దొంగ కార్డులు కూడా దొరుకుతాయి. కానీ రేషన్ కార్డుల విషయంలో ఏం జరిగింది? ఇలాంటి పోలికల మీద ఆధారపడి కార్డులు రద్దు చేశారని కోర్టుకు వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని రాష్ట్రాన్ని ఆదేశించింది. 2024 జనవరిలో అల్‌జజీరా ఒక పరిశోధన ప్రచురించింది. అందులో హైదరాబాద్‌లో రిక్షా తొక్కిన ఒకాయన కుటుంబం ఉంది. ఆయనకు కారు ఉందని రికార్డుల్లో తేలింది, కార్డు పోయింది. ఆ కారు దాదాపు అలాంటి పేరే ఉన్న ఇంకొకరిది.

ఒక్కసారి ఆలోచించండి. అక్కడ రెండు డేటా సోర్సులు ఉన్నాయి. రెండూ కనెక్ట్ అయ్యాయి. ఫార్మాట్ ఎర్రర్ లేదు. డ్యాష్‌బోర్డ్‌లో అంతా పచ్చగానే ఉండి ఉంటుంది. ఇంట్లో మాత్రం బియ్యం రాలేదు.

ఇందులో నేను చెప్పదలచుకున్నది ఒకటే. సాఫ్ట్‌వేర్‌కు ఎన్ని ఫార్మాట్లు వచ్చు అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఏంటంటే, తనకు అర్థం కానిది ఎదురైనప్పుడు అది ఏం చేస్తుంది? మూడే దారులు ఉన్నాయి. చెప్పకుండా వదిలేయడం, చెప్పకుండా ఊహించడం, లేదా పక్కన పెట్టి మనకు చెప్పడం. మొదటి రెండు చేసే టూల్ రెండొందలు కాదు, రెండువేల ఫార్మాట్లు తెరిచినా ప్రమాదమే.

"మరి ఒక్క తప్పు వరుస వచ్చిందని లక్ష వరుసలు ఆపేస్తే ఆఫీసులో పనెలా జరుగుతుంది?" అని మేనేజర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఆపమని అనడం లేదు, పక్కన పెట్టమంటున్నాను. మంచి వరుసలు లోపలికి పోనివ్వండి, అనుమానం ఉన్నవి వేరే టేబుల్‌లో కారణంతో సహా ఉంచండి, వాటిని చూసే మనిషి ఎవరో ముందే తేల్చండి.

రేపు మీ కంపెనీలో ఎవరైనా కొత్త టూల్ డెమో ఇస్తే ఇవి అడగండి. మొదటిది, లెక్క. ఫైలులో ఎన్ని వరుసలు ఉన్నాయి, ఎన్ని లోపలికి వచ్చాయి, ఎన్ని పక్కన పడ్డాయి? కూడితే సరిపోవాలి. రెండోది, ఊహించడం ఆపే వీలుందా? ఇంటి నంబర్, ఖాతా నంబర్, పిన్ కోడ్ లాంటివాటితో మనం కూడికలు చేయం, కాబట్టి వాటిని టెక్స్ట్‌గానే తీసుకోవాలి. మూడోది, ఒరిజినల్ ఫైలును ముట్టుకోకుండా దాస్తుందా? అనూ ఫాంటు కథ గుర్తుంది కదా, ఫాంటు సమాచారం ఒకసారి పోతే మళ్లీ రాదు. నాలుగోది, డెమోకు వాళ్ల శాంపిల్ కాకుండా మీ దగ్గరున్న అతి చెత్త ఫైలు ఇవ్వండి. సైదాబాద్, మలక్‌పేట రెండు రకాలుగా టైప్ చేసి పెట్టండి. 16-2-70 పెట్టండి. లోపలికి పంపి, మళ్లీ బయటికి తీసి, రెండూ పోల్చి చూడండి.

ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. రెండు రికార్డులు ఒకే మనిషివని టూల్ చెప్తే, ఎంత నమ్మకంతో చెప్తోంది? ఏ వివరాలు కలిశాయని చెప్తోంది? దాని వల్ల ఎవరికైనా పెన్షనో, లోనో, రేషనో ఆగిపోయేట్టుంటే, ఆపే ముందు ఆ మనిషికి కబురు వెళ్తుందా? ఇది టెక్నికల్ ప్రశ్న కాదని మీటింగ్‌లో ఎవరైనా అనొచ్చు. మీరు మాత్రం అడగండి. ఆ కోడ్ రాసేది మీరే కాబట్టి అడగాల్సిందీ మీరే.

ఈరోజుకు ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే అక్షరాలు ఎందుకు చెదిరిపోతాయో, దాన్నుంచి టెక్స్ట్ బయటికి తీయాలంటే ఏం చేయాలో చూద్దాం. వీడియో పనికొచ్చిందనిపిస్తే డేటా కోర్సు చేస్తున్న మీ ఫ్రెండ్ ఒకరికి పంపండి. ఉంటాను మరి, నమస్తే.