అథనాసియసు పట్టుదల

కరీంనగర్‌లోని దక్షిణ ఇండియా సంఘపు దేవాలయములలో ప్రభుభోజన ఆరాధన యందు భక్తులు లేచి నిలిచి నైసియా విశ్వాస ప్రమాణమును తెలుగున పలుకుదురు. 1999లో ఏర్పడిన ఆదిలాబాదు కథోలిక మేత్రాసనము సీరో మలబారు సంప్రదాయమునకు చెందినది. దాని పూజాక్రమము వేరు. అయినను క్రీస్తు తండ్రితో ఏకతత్త్వము గలవాడనుటలో ఇరువురిదీ ఒకే మాట.

ఆ మాట ఊరక రాలేదు. అలెగ్జాండ్రియాలో అరియసు అను గురువు, కుమారుడును సృష్టింపబడినవాడే యని బోధించెను. తర్కమునకు ఇది సులభముగనే తోచును. 325లో నైసియా సభ దీనిని త్రోసిపుచ్చినది. ఆ సభకు తన బిషప్పు వెంట పరిచారకుడుగా వెళ్లిన అథనాసియసు, 328లో తానే బిషప్పయి, 373లో మరణించువరకు ఆ తీర్మానమును విడువలేదు. చక్రవర్తుల ఆగ్రహమునకు గురియై అయిదు మారులు ప్రవాసమేగెను. అదంతయు కలిపిన సుమారు 17 ఏండ్లు. ఆయన ప్రశ్న సామాన్యునకును తెలియునదే: తానే సృష్టియైనవాడు తోటి సృష్టిని దేవునితో ఎట్లు కలుపగలడు?

తరువాత కొందరు ‘ఏకతత్త్వము’నకు బదులు ‘పోలిన తత్త్వము’ అనిరి. గ్రీకున ఈ రెంటికి భేదము ఒక్క అక్షరమే. ఇంత పట్టుదల గల మనిషి వారిని మాత్రము శత్రువులనక సోదరులనియే సంబోధించుట నాకు మిక్కిలి గొప్పగా తోచును. నేడు పలుకబడు ప్రమాణము 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభ పేర నిలిచిన రూపము. అప్పటికి అథనాసియసు లేడు.